గ్యాసని చెప్పు బిడ్డా

జురాంగ్ ఈస్ట్,
ఫిబ్రవరి

నవత పిన్నీ,

నువ్వు పెట్టిన షరతు ప్రకారమే తెలుగులో, చేత్తో రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. ఒత్తులు తప్పితే నవ్వుకో, అమ్మకు మాత్రం ఫార్వర్డ్ చెయ్యకు. బాబాయి సైన్స్ పార్కులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నువ్వు మా ఇంటికొచ్చి నాచేత అ ఆలు దిద్దించకపోతే నాకీ తిప్పలు ఉండేవే కావు. హన్మకొండ వెళ్ళి ఆసుపత్రిలో డాక్టరుగా చేరాక కూడా నన్ను వదల్లేదు.

ఇంట్లో ఒకటే జపం, మెడిసిన్. ఈ ఏడాది చివరి పరీక్షల్లో అన్నిట్లో 'ఏ' గ్రేడు రావాలి. అది రావడం పెద్ద గొప్పేం కాదట, అప్లై చేసే అందరికీ వస్తుందట. ఆ తరవాత మనం మనుషులమేనా అని చూస్తారు. ఎవరికి సేవ చేశావు, ఏం నేర్చుకున్నావు, ఏ డాక్టరు నీ గురించి మంచిగా రాస్తారు. కింది ఫ్లాటు మంగతాయారు ఆంటీ కూతురు వృద్ధాశ్రమానికీ వెళ్తుంది, పిల్లుల షెల్టరుకీ వెళ్తుంది. అది విన్నప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు. ఇక్కడ దీన్ని కియాసు అంటారు, అందరికంటే వెనకబడిపోతామన్న భయం. అమ్మకు అది చాలా బాగా పట్టింది. నా క్లారినెట్ ఎందుకూ పనికిరాదని తేల్చేసింది.

అందుకని ఆదివారాలు ఒక క్లినిక్‌కు వెళ్తున్నాను. తుఆస్ దారిలో, షిప్‌యార్డు కార్మికుల డార్మిటరీ పక్కన వాలంటీర్ డాక్టర్లు నడుపుతారు. తమిళానికి, బెంగాలీకి మనుషులున్నారు, తెలుగుకు ఎవరూ లేరు. డాక్టర్ లిమ్ అనే ఆవిడ నన్ను చూసి, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా అంది. తీరా కూర్చుంటే వాళ్ళది మన తెనాలి తెలుగు కాదు, మీ ఊళ్ళ తెలుగు. ఒకాయన "పానం బాగుంటలేదు బిడ్డా" అన్నాడు. డాక్టర్ ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను. మీ పేషెంట్లు వాడే మాటలు కొన్ని రాసి పంపు, నీకు పుణ్యముంటుంది.

నీ నిఖిల


హన్మకొండ,
ఫిబ్రవరి

నిక్కీ,

నీ ఒత్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి. నువ్వు రాసిన 'జపం' చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మా అక్క చిన్నప్పుడు కూడా అంతే, పక్కింటి పిల్ల నాట్యం నేర్చుకుంటే మమ్మల్ని కూడా పంపమని అమ్మను సతాయించేది.

పానం బాగుంటలేదంటే ఒంట్లో బాగోలేదని. జబ్బ అంటే భుజం. గుంజుడు అంటే లాగుతూ నొప్పి. మిగతావి ఇంకో కాగితం మీద రాసి పంపుతాను. అవన్నీ బట్టీ పట్టడం కన్నా, వాళ్ళను నిదానంగా ఇంకోసారి చెప్పమని అడుగు. ఏమీ అనుకోరు.

ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకో. పేషెంటు చెప్పింది నువ్వు ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట వదలకుండా చెప్పాలి. జాలిపడి కలిపినా, జాలిపడి వదిలినా డాక్టరు గుడ్డిదైపోతుంది. నీ పని అంతవరకే.

ఇక మార్కులు. సేవ కోసం చదువు పాడుచేసుకోకు. మా రోజుల్లో ర్యాంకు ఒక్కటే చూసేవారు. నువ్వు మనిషివేనా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు.

పిన్ని


జురాంగ్ ఈస్ట్,
మే

పిన్నీ,

కెమిస్ట్రీలో డి వచ్చింది. అమ్మ నాతో మాట్లాడటం లేదు, నాన్న ఇద్దరితోనూ మాట్లాడటం లేదు. భోజనాల దగ్గర చెంచాల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు.

రామన్న అని ఒకాయన వస్తాడు, షిప్‌యార్డులో స్కాఫోల్డింగ్, అంటే ఎత్తు పనులకు ఇనుప పరంజాలు కడతాడు. వర్ధన్నపేట అవతల వాళ్ళ ఊరు. నాన్న కంటే చిన్నవాడే, పెద్దగా కనిపిస్తాడు. వచ్చినప్పుడల్లా నాకు తాగడానికి ఒక మైలో డ్రింకు డబ్బా తెస్తాడు. డాక్టరమ్మవు అయ్యేదానివి, బలముండాలె అంటాడు. నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. మిగతా అందరూ 'డాక్టరువి అయితే' అంటారు.

పోయిన ఆదివారం డాక్టర్ లిమ్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నాతో మెల్లగా అన్నాడు.

"బిడ్డా, మెట్లెక్కుతాంటే రొమ్ము మీద బండ వెట్టినట్టైతాంది. ఎడమ జబ్బ గుంజుతది. జరసేపు ఆగితె తగ్గుతది. గీ ముచ్చట నీకే చెప్పిన. ఆమెకు గ్యాసని చెప్పు."

ఎందుకన్నాను. అన్‌ఫిట్ అని ఎక్కడన్నా రాస్తే పర్మిట్ కొట్టేసి ఇంటికి తోలుతరు అన్నాడు. ఇంటికి గోడలు లేచాయట, స్లాబు పడాలట. అది పడితే తనే వెళ్ళిపోతాడట. నేను చెప్పి తీరాలన్నాను. అప్పుడు తల వంచి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి బిడ్డా అన్నాడు. చెయ్యి పెట్టాను.

డాక్టర్ లిమ్ తిరిగొచ్చి ఏమిటట అని అడిగింది. గ్యాస్ట్రిక్ అన్నాను. గోలీలు రాసిచ్చింది. ఆయన నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

మా క్లాసులో ఎవరికన్నా చెబితే నవ్వుతారు. ఒట్టేమిటి, పొయ్యేదేముంది చెప్పెయ్యి అంటారు. కానీ ఒట్టు తప్పితే ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టామో వాళ్ళకే ఏదో అవుతుందని అమ్మమ్మ నుంచి నీ దాకా అందరూ చెప్పి పెంచారు కదా. చెబితే ఆయనకు ఏమన్నా అవుతుందని నాకు నిజంగానే భయంగా ఉంది. చెప్పకపోతే కూడా భయంగానే ఉంది. నువ్వు చెప్పింది ఒక్కటే, కలపకు, వదలకు. నేను రెండూ చేశాను. ఇప్పుడేం చెయ్యను? నువ్వు డాక్టరువి, నువ్వు చెప్పు.

నిఖిల


హన్మకొండ,
మే

నిక్కీ,

డి అంటే మాటలా. నువ్వు ఆదివారం పొద్దంతా అక్కడే ఉంటే సోమవారం కెమిస్ట్రీ ఏం తలకెక్కుతుంది? ఇప్పటికే నీకు సేవ గంటలు సరిపోయినన్ని ఉన్నాయి, డాక్టర్ లిమ్‌కు నువ్వంటే మంచి అభిప్రాయముంది. ఇక పరీక్షలయ్యేదాకా అటు వెళ్ళకపోయినా నష్టం లేదు. ఆర్గానిక్ రియాక్షన్లు ముందు రాసి చూసుకో, చదివి వదిలెయ్యకు.

ఆ మనిషి సంగతి నేను ఆలోచిస్తాను. నువ్వు మనసు పాడుచేసుకోకు. ఇలాంటివి వాట్సాపులో కూడా ఎవరికీ రాయకు, నీ అప్లికేషన్ వ్యాసంలో అసలే రాయకు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. ఓపీలో కూర్చోవడానికి చోటు లేదు. బాబాయి నిన్ను అడిగానని చెప్పమన్నారు.

పిన్ని


జురాంగ్ ఈస్ట్,
జులై

పిన్నీ,

నీ ఉత్తరం వచ్చిన వారంలోనే అమ్మ క్లినిక్ మాన్పించేసింది. పరీక్షలయ్యేదాకా వద్దంది. బదులుగా ఇంటి దగ్గర మాల్ పక్కన లైబ్రరీలో చిన్నపిల్లలకు కథలు చదువుతున్నాను. ఒక గంటే, నడిచి వెళ్ళి నడిచి వస్తాను. కెమిస్ట్రీ బి అయింది. అమ్మ మళ్ళీ నాకు పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేస్తోంది.

నిజం చెప్పనా, హాయిగా ఉంది. రామన్న మొహం చూడనక్కర్లేదు. ఆ హాయి చూసుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఒక్కటి అర్థం కాలేదు. నేను అమ్మకు రామన్న గురించి ఒక్క మాట చెప్పలేదు. క్లినిక్ ఎందుకు మానాలని గట్టిగా అడిగితే, "రేపు వాళ్ళలో ఎవరికన్నా ఏమన్నా అయితే నీ మీదికొస్తుంది" అంది. ఏమవుతుంది అని అడిగాను. అన్నం చల్లారిపోతోంది తిను అంది.

నువ్వు ఆలోచిస్తానన్నావు. ఆలోచించావా?

నిఖిల


హన్మకొండ,
ఆగస్టు

నిక్కీ,

బి వచ్చినందుకు సంతోషం. అదే పట్టు మీద ఉండు. డ్యూటీలు ఎక్కువగా ఉండి పెద్దగా రాయలేకపోతున్నాను. స్కూల్లో ప్రిలిమ్స్ పరీక్షలయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందాం.

పిన్ని


జురాంగ్ ఈస్ట్,
సెప్టెంబరు

నవత పిన్నిగారికి,

రామన్న చనిపోయాడు. షిప్‌యార్డులో స్కాఫోల్డింగ్ ఎక్కుతూ సగంలో ఆగాడట. కూర్చున్నాడట. లేవలేదు. పైనుంచి పడలేదు కాబట్టి ప్రమాదం కాదని, గుండె ఆగిందని రాశారు. శవాన్ని పెట్టిన బాక్సు ఊరికి వెళ్ళిపోయింది కూడా.

ప్రిలిమ్స్ అయిన ఆదివారం అమ్మకు చెప్పకుండా క్లినిక్‌కు వెళ్తే తెలిసింది. డార్మిటరీలో ఆయన పై మంచం మీద పడుకునే యాకూబ్ అన్న, ప్రతి ఆదివారం లాగే, బయట బెంచీ మీద నా కోసం చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు బంద్ చేసినంక ఆయన వచ్చిండు చెల్లె. ఇప్పుడు ఊకెనే నొప్పి లేస్తాంది, స్లాబు గిట్ల ఏం వద్దు, ఉన్నదున్నట్టు డాక్టరమ్మకు చెప్పిస్త అన్నడు. తెలుగు పిల్ల ఏదంటే పరీక్షలన్నరు. తమిళం పిలగాడు నేనొస్త అన్నడు. ఇనలే. బిడ్డెతోని ఒట్టేపిచ్చిన, ఆ ఒట్టు ఆమె ముంగటనే ఇప్పుకోవాలె అని గోలీలు తీస్కొని మళ్ళిండు."

ఆ రోజు నేను లైబ్రరీలో ఏనుగు కథ చదువుతున్నాను. తొండం ఎలా ఊపుతుందో చేత్తో చూపించాను. పిల్లలు బాగా నవ్వారు.

డాక్టర్ లిమ్ మొహం చూడలేకపోయాను. గ్యాస్ అంటే నమ్మి పంపేశాను, ఒక్క ఈసీజీ తీయించి ఉండాల్సింది అని అందరి ముందూ ఏడ్చింది. నన్ను దగ్గరకు తీసుకుని, నువ్వు బాధపడకు, నువ్వు విన్నదే చెప్పావు అంది. నేను అవునన్నాను.

ఇక మీ సంగతి. రొమ్ము మీద బండ, ఎడమ జబ్బ, ఆగితే తగ్గుతుంది. ఇవన్నీ మే నెలలో మీకు రాశాను. మీరు రోజూ చూసేది అలాంటి మనుషులనే. నాకు పుస్తకం తిరగేస్తే ఒక పేజీలోనే దొరికింది. మీకు తెలియలేదని మాత్రం రాయకండి.

నిఖిల


హన్మకొండ,
అక్టోబరు

నిఖిలా,

నన్ను మీరు అన్నావు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అనలేదు. అనాల్సిందే.

తెలిసింది. నీ ఉత్తరం చదువుతుండగానే తెలిసింది. నా ఎదురుగా అదే నొప్పితో ఒక రైతు కూర్చుని ఉన్నాడు, ఆయన్ని వెంటనే వరంగల్ పంపించాను. ఆ తరవాత బయటికొచ్చి మీ అమ్మకు ఫోన్ చేశాను. రామన్న గురించి కాదు, నీ గురించి. దీన్ని వెంటనే అక్కడి నుంచి తప్పించు, ఆ మనిషికి ఏమన్నా అయితే దీని పేరు బయటికొస్తుంది, సీటు పోతుంది అన్నాను. అక్క భయపడిపోయింది. కెమిస్ట్రీ సాకు నేనే చెప్పాను.

డాక్టరుకు చెప్పెయ్యి అని నీకు ఒక్క ముక్క రాస్తే అయిపోయేది. రాస్తే నువ్వు చెప్పేదానివి. చెబితే మొదట ఎందుకు దాచావని అడిగేవాళ్ళు. డాక్టర్ లిమ్ నీ గురించి రాసిచ్చే మంచి మాట పోయేది. ఇదంతా ఫోన్ పక్కన పెట్టేలోపే లెక్కేసుకున్నాను. ఆయనే ఇంకో రోజు చెప్పుకుంటాడులే అనుకున్నాను. నువ్వు లేకపోతే ఎవరితో చెప్పుకుంటాడన్నది నాకు తట్టలేదు. తట్టినా ఏం చేసేదాన్నో ప్రమాణం చేసి చెప్పలేను.

నన్ను తిట్టు, మాట్లాడటం మానెయ్యి. కానీ పరీక్షలు వచ్చే నెలే. అవయ్యేదాకా డాక్టర్ లిమ్‌కు ఏమీ చెప్పకు. పోయినవాడు ఎలాగూ రాడు. నువ్వు కూడా పోతే నేను తట్టుకోలేను.

పిన్ని


జురాంగ్ ఈస్ట్,
మార్చి

పిన్నీ,

అన్నిట్లో ఏ వచ్చింది. అమ్మ మంగతాయారు ఆంటీకి స్వీట్లు ఇచ్చి వచ్చింది. అన్ని నెలలు నీకు రాయలేదు. చదివాను. వేరే ఏమీ చెయ్యలేదు, నువ్వు చెప్పినట్టే.

మెడికల్ స్కూలు ఇంటర్వ్యూకు పిలిచింది. డాక్టర్ లిమ్ నా గురించి రాసిన ఉత్తరం నాకు చదివి వినిపించింది. ఈ అమ్మాయి దగ్గర కార్మికులు తమ మనసు విప్పుతారు, అది నేర్పితే వచ్చేది కాదు అని ఉంది.

మర్నాడు బాబాయి పనిచేసిన సైన్స్ పార్కు దగ్గర, వన్-నార్త్‌లో ఆవిడ వారమంతా పనిచేసే ల్యాబ్‌కు వెళ్ళాను. కింద కాఫీ షాపులో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఒట్టు సంగతి కూడా. ఆవిడ కప్పు పక్కకు జరిపింది. ఆరు నెలల నుంచి నేను క్లినిక్‌కు వెళ్ళలేకపోతున్నాను, నీకు తెలుసు కదా అంది. తెలుసన్నాను. తెలిసీ ఆ తప్పు నన్ను మోయనిచ్చావు అంది. అరిచి ఉంటే బాగుండేది.

చివరికి, రాసింది వెనక్కి తీసుకోనంది. ఇది కూడా వాళ్ళకు రాస్తాను, రెండూ నిజమే కదా అంది. రాసింది. అమ్మకు ఇంకా తెలియదు.

నీకు ఒక పని చెబుతున్నాను. రామన్న భార్య పేరు కొమురమ్మ. యాకూబ్ అన్న అడ్రస్ ఇచ్చాడు, మీకు గంట దారి. నువ్వు వెళ్ళు. ఆయన నాకేం చెప్పాడో, నేనేం దాచానో ఆమెకు చెప్పు. ఆమె భర్త డాక్టరుకు ఏం చెప్పాడని ఇప్పటికీ యాకూబ్ అన్నను ఫోన్లో అడుగుతోందట.

నిఖిల


హన్మకొండ,
ఏప్రిల్

నిక్కీ,

వెళ్ళాను. గోడలు లేచి ఉన్నాయి, వాటి మీద ఇనుప చువ్వలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి. ఆ గోడల మధ్యనే ఒక మూలకు రేకులు వేసుకుని ఉంటోంది. నేను సింగపూర్ పిల్ల పిన్నిని అనగానే కుర్చీ తుడిచి వేసింది. సోడా తెప్పించింది.

నేను మొదలుపెట్టేలోపే తనే అంది. "అమ్మా, మే నెలల ఫోన్ల రొమ్ము నొప్పి అన్నడు. ఎల్లి రా, ఇల్లు గిల్లు ఏం వద్దని కొట్లాడిన. మూడు దినాలు అన్నం తినలే. అప్పుడన్నడు, ఇక్కడ మన తెలుగు బిడ్డె ఉన్నది, డాక్టరైతాంది, నా ముచ్చట మొత్తం ఆమెకు చెప్పిన, ఇగ భయం లేదు అన్నడు. డాక్టరుకే ఎరుకైనంక నాకేం రంది అని ఊకున్న."

నేను సోడా గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఆ బిడ్డె అప్పుడేమన్నదమ్మా అని అడిగింది. గోలీలు ఇచ్చారు, వాళ్ళ చేతనైంది చేశారు అన్నాను. నమ్మింది. లేచి వస్తుంటే, మీ బిడ్డె డాక్టరైందా అని అడిగింది. అయితది అన్నాను. ఆయనకు శానా సంబురమయ్యేది అంది.

ఇన్నేళ్ళలో ఎంతమంది ఇంటివాళ్ళకు చావు కబురు చెప్పానో. ఈ ఒక్కటి చెప్పలేకపోయాను. నన్ను క్షమించమని అడగను.

పిన్ని


జురాంగ్ ఈస్ట్,
మే

పిన్నీ,

సీటు రాలేదు. ఇంటర్వ్యూలో నా మార్కులు గానీ, క్లారినెట్ గానీ ఎవరూ అడగలేదు. రామన్న గురించే అడిగారు. మళ్ళీ అలాంటిది వస్తే ఏం చేస్తావన్నారు. చెబుతాను అన్నాను. చివర్న కూర్చున్న పెద్దాయన, అతని కుటుంబానికి చెప్పావా అని అడిగాడు. మా పిన్నిని పంపాను అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నాకు అప్పుడే తెలిసిపోయింది.

నేను అన్నీ చెప్పాక అమ్మ నీతో మాట్లాడటం లేదని తెలుసు. నాతోనూ అంతే. పిన్ని చెప్పినట్టు నోరు మూసుకుని ఉంటే ఈపాటికి తెల్లకోటు కొలతలు ఇచ్చేదానివి అంటోంది. నిజమే, ఉంటే వచ్చేది.

నువ్వు కొమురమ్మకు చెప్పలేకపోయావని చదివినప్పుడు కోపం వచ్చింది. తరవాత సిగ్గేసింది. నా నోటితో చెప్పాల్సింది నీ నోట పెట్టి పంపాను.

జూన్ మొదటి వారంలో వస్తున్నాను. పరీక్షలయ్యాక అదే లైబ్రరీలో జీతానికి పనిచేసిన డబ్బులకు టికెట్ వచ్చింది. హైదరాబాద్ నుంచి నేనే వస్తాను, నువ్వు కాజీపేట స్టేషనుకు రా. ఆమె ఎదురుగా కూర్చుని ఆయన అన్నది ఆయన అన్నట్టే చెబుతాను, ఒక్క మాట కలపను, ఒక్క మాట వదలను. గ్యాసని చెప్పింది నేనేనని కూడా చెబుతాను.

నువ్వు నా పక్కన కూర్చోవాలి. ఆ నొప్పేమిటో ఎవరికీ తెలియలేదా అని ఆమె అడుగుతుంది. అది నేను చెప్పేది కాదు, నువ్వే చెప్పాలి.

నిఖిల